చేప సాస్ తగ్గని రోజులు

మే 9

ఇవాళ మళ్ళీ అడిగాను, చారు కాయడం నేర్పమని. మళ్ళీ అదే జవాబు.

"ముందు తూటికూర కడుగు, ఎలకపిల్లా."

ముద్దుగానే అంటాడు. ఆ ముద్దుకే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళుగా కడుగుతున్నాను తూటికూర. పెసర మొలకల తోకలు గిల్లుతున్నాను. నూడుల్స్‌ని జాలీలో వేసి మరిగే నీళ్ళలో ముంచీ తీసీ, ముంచీ తీసీ, నా కుడి జబ్బ ఎడమదానికంటే లావెక్కింది. చారు గంగాళం దగ్గరికి మాత్రం రానివ్వడు సంగువాన్ ముసలాడు. వాళ్ళమ్మ కాలవ మీద తిప్పుతూ నూడుల్స్ అమ్మిన పడవని తెచ్చి కొట్టు ముందు పెట్టుకున్నాడు. గంగాళం అందులో, గరిటె అందులో, ఆయన అందులో. పొద్దున ఎక్కితే కొట్టు కట్టేదాకా దిగడు. నేల మీదున్న పడవ కొట్టుకుపోతుందని భయం కాబోలు.

ఆ పడవలో కూర్చునేది నేనే. నేర్పకపోతే పోనీ. దాల్చినచెక్క ఎప్పుడు పడాలో, కొత్తిమీర వేర్లు ఎప్పుడు పడాలో, పంది రక్తం చివర్లో ఎంత సన్నగా జారవిడవాలో, అన్నీ వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను. చూడొద్దని ఎవరూ అనలేరు కదా.

కిందటి నెల నీళ్ళ పండగ నాడు ఒట్టు పెట్టుకున్నాను. గరిటె నా చేతికొచ్చేదాకా ఈ కొట్టు గిన్నె ముట్టను. అప్పట్నుంచీ జిగురన్నం, మిరప పచ్చడి మూటగట్టుకొచ్చి పెరట్లో కూర్చుని తింటున్నాను. ముసలాడు చూస్తాడు, ఏమీ అనడు. ఏదో ఒకటి అంటే బాగుండు.

పండగయ్యాక ఆయన జ్వరం వచ్చి పడి లేచాడు. లేచాక మొండితనం ఇంకా ముదిరింది. ఏం పెట్టినా కాగితం నమిలినట్టుందంటాడట, కూతురు చెప్పింది. వేషాలు.

మే 14

బల్లల మీద స్టాండ్లు నింపడం నా పనే. ఒక్కో స్టాండుకి నాలుగు గిన్నెలు. పంచదార, ఎండుమిరప పొడి, పచ్చిమిర్చి నానేసిన వెనిగర్, చేప సాస్. గిన్నె ముందుకొచ్చాక ఎవడి నాలుకకి తగ్గట్టు వాడు కలుపుకుంటాడు. వండినవాడు ఏమీ అనుకోకూడదు. నేనైతే అనుకుంటాను.

ఈమధ్య చేప సాస్ తగ్గడం లేదు. నిన్న పోసింది పోసినట్టే ఉంది. నుయ్ అక్కకి చూపించాను. ముసలాడి కూతురు ఈవిడే, గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది.

"నాన్న చారు అంత బాగా కుదిరిందన్నమాట," అని మురిసిపోయింది. "ఎవరికీ ఏమీ కలపబుద్ధి కావట్లేదు."

నాకు కడుపు మండింది. నిజమే అయ్యుంటుంది మరి.

కానీ పంచదార మాత్రం గిన్నెలకి గిన్నెలు మాయం. దొంగ ఎవడో ఉన్నాడు.

మే 17

బల్లలు సగం ఖాళీ. వాన అన్నాను. వాన లేదు.

సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుంటానని ఒకడు ముందుభాగం అడుగుతున్నాడట. నుయ్ అక్క ఉల్లికాడలు తరుగుతూ మెల్లగా చెప్పింది.

"జూలైలో భిక్షువుల వర్షావాసం మొదలయ్యేదాకా చూస్తానే ఖిమ్. ఆలోపు బల్లలు నిండకపోతే కొట్టు వాడికిచ్చేస్తా. పడవ గుడికిచ్చేస్తా."

"పెదనాన్నకి చెప్పావా?" అన్నాను. ముసలాణ్ణి పైకి అలాగే పిలుస్తాను.

"నువ్వు చెప్తావా?"

ఇద్దరం ఉల్లికాడల వంకే చూశాం.

మే 18

నాకేం. ఇది పోతే ఇంకో కొట్టు.

మే 19

ఇంకో కొట్టులో పడవ ఉండదు.

మే 23

దొంగ దొరికాడనుకున్నాను.

కోప్ అన్న, వీధిచివర మోటారుసైకిల్ టాక్సీ నడుపుతాడు. నారింజరంగు చొక్కా వేసుకుని రోజూ పదకొండింటికి వస్తాడు. మావి చిన్న గిన్నెలు, రెండు మూడు తెప్పించుకుంటాడు. రాగానే ఒకటే పాట. "ఏం ఖిమ్, ఇంకా పడవెక్కలేదా? ఈతొచ్చా అసలు?" ఇవాళ వెనకనుంచి చూశాను. పంచదార ఒక చెంచా, రెండు చెంచాలు, మూడోది. మనిషన్నవాడు నూడుల్స్‌లో అంత పంచదార వేసుకుంటాడా? ఇంట్లో పిల్లలున్నారు. పొట్లం కడుతున్నాడనుకున్నాను.

"అన్నా, జేబు చూపించు."

"ఏం జేబు?"

"పంచదార జేబు."

పక్కబల్ల వాళ్ళు తల తిప్పారు. కోప్ అన్న మొహం చొక్కారంగుకి తిరిగింది.

"నీది నోరా, మురిక్కాలవా? నేను దొంగనా?" అని లేచాడు. లేచినవాడు పడవవైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "కూర్చో ఇలా. ఈ రెండో గిన్నెలో ఇంకా ఏమీ కలపలేదు. తిను."

"నేను తినను. ఒట్టు పెట్టుకున్నాను."

"నీ ఒట్టు తీసి గట్టుమీద పెట్టు. తిను ముందు."

తిన్నాను. ఒక్క గుటక.

సముద్రం. ఎండబెడితే గిన్నెలో ఉప్పు మిగిలేట్టుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"జ్వరం నుంచి లేచిన కాడ్నుంచీ."

"మరి ఒక్కడూ చెప్పలేదే!"

"ఎలా చెప్తామే? మా నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించిన కొట్టు ఇది. ఆ ముసలాయన మొహం మీద చెప్తామా? మొహమాటం ఉండదా? రెండు చెంచాల పంచదార, ఇంత వెనిగర్ వేస్తే గొంతు దిగుతుంది. దిగనివాళ్ళు రావడం మానేశారు. అంతే." చెంచా నా చేతిలోంచి లాక్కున్నాడు. "పంచదార దొంగనట. థూ."

ఒట్టు పోయింది. అందుకు కూడా కోపం రావాలి. రాలేదు.

చేప సాస్ తగ్గకపోవడం మెప్పనుకున్నాం, అక్కా నేనూ. కొట్టులోనే బతుకుతూ. నాకు ఒట్టు, అక్కకి రోజంతా ఆ వాసనతో మొహంమొత్తి గిన్నె ముట్టదు.

మే 24

పొద్దున ముందే వెళ్ళి నీళ్ళకుండ వెనక నిలబడ్డాను. ముసలాడు గంగాళంలోకి చేప సాస్ సీసా వంచాడు. గరిటెతో తీసి నాలుకకి తగిలించాడు. ఎటో చూశాడు. మళ్ళీ వంచాడు. మళ్ళీ తగిలించాడు. కళ్ళు మూసుకున్నాడు. మూడోసారి వంచాడు.

చీకట్లో తాళంచెవి కోసం తడుముకునేవాడి మొహం.

నన్ను చూసి, "తూటికూర అయిందా?" అన్నాడు.

అయిందన్నాను. అవలేదు.

మే 26

ముసలాడి నాలుక పోయింది. ఇంక పడవ నాది. నాకు సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. నిద్ర పట్టకపోవడం సంతోషానికే.

జూన్ 3

అక్కకి చెబితే ఏడుస్తుంది. ఆయనకి చెబితే చంపుతాడు. కోప్ అన్నకి ముందే తెలుసు. ఇంక మిగిలింది నేను. ఏడవను, చావను. పనికొచ్చేదేదో చేస్తాను.

ఆయన వాడే చేప సాస్ సీసాలో సగం తీసేసి, కాచి చల్లార్చిన నీళ్ళు కలిపాను. ఎంత వంచుకుంటావో వంచుకో ఇంక.

జూన్ 11

పనిచేస్తోంది! బల్లల మీద చేప సాస్ కొద్దికొద్దిగా తగ్గుతోంది. పంచదార నిలుస్తోంది. ఇవాళ కోప్ అన్న నాలుగు గిన్నెలు తిని దొంతి పెట్టాడు. పోతూ నావైపు చూసి కన్ను గీటాడు. మూలబల్ల మీదికి స్కూలు టీచర్లు మళ్ళీ వచ్చారు.

"చూశావా," అన్నాడు ముసలాడు కూతురితో, పడవలోంచి. "వాన తగ్గగానే ఎలా వస్తున్నారో."

వానట.

నా చారు తిని ఆయన్ని మెచ్చుకుంటున్నారు. నేను చేసింది చారు కాదు, దొంగతనం. గరిటె ఇలా రావడం నాకిష్టం లేదు. దర్జాగా అడిగి తీసుకోవాలి. రేపు చెప్తాను.

జూన్ 12

రేపు.

జూన్ 19

నాలుక పోయినా కళ్ళు పోలేదు.

మధ్యాహ్నం, బల్లలన్నీ నిండి ఉన్నాయి. ముసలాడు చేప సాస్ సీసా ఎండకేసి ఎత్తి ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"నురుగు నిలబడట్లేదు. రంగు తేలిపోయింది. నుయ్! ఆ కిరాణావాడికి ఫోన్ చెయ్. వాళ్ళ నాన్న కాలంనుంచీ కొంటున్నాం, నీళ్ళు కలిపి అమ్ముతాడా నాకు? రమ్మను వాణ్ణి. ఇక్కడే, అందరి ముందూ అడుగుతా."

కిరాణా ఆయన మంచివాడు. నాకు పాత బస్తాలు ఊరికే ఇస్తాడు.

"ఆయన కాదు. నేను కలిపాను," అన్నాను.

కొట్టంతా చప్పుడు ఆగిపోయింది. నూడుల్స్ నోట్లోకి లాక్కునే చప్పుడు కూడా.

"ఎందుకు?"

ఇక్కడ ఆగాల్సింది. లోపలికి రండి చెప్తాననాల్సింది. నాకు ఆగడం రాదు.

"మీకు రుచి తెలియట్లేదు కాబట్టి. జ్వరం వచ్చినప్పట్నుంచీ ఉప్పు సముద్రం పోస్తున్నారు. వీళ్ళందరికీ తెలుసు. పంచదార వేసుకుని మింగుతున్నారు. చేప సాస్ గిన్నెలు చూడండి కావాలంటే!"

ఆయన బల్లలవైపు చూశాడు. ఒక్కరైనా కాదంటారని. అందరూ గిన్నెల్లోకి చూసుకున్నారు. కోప్ అన్న కూడా.

"నా కొట్లోంచి వెళ్ళిపో," అన్నాడు ముసలాడు. అరవలేదు. ఎలకపిల్లా అనలేదు.

జూన్ 20

నిజమే చెప్పాను.

జూన్ 21

నిజమే. కానీ నలుగురిలో.

జూలై 2

ఇస్త్రీ కొట్టులో చేరాను. చొక్కాలు ఏమీ అనవు. మంచిదే.

గదిలో ఒక్క పొయ్యి ఉంది. సాయంత్రం కోప్ అన్న పంది ఎముకలు తెచ్చిపడేశాడు.

"ఇవెందుకు?"

"మా ఆవిడ నూడుల్స్ చేయమంటే పారిపోయింది. నువ్వు చెయ్యి. ఆ కొట్టుకి పోలేకపోతున్నా. ముసలాయన ఇప్పుడు ఉప్పే వెయ్యట్లేదు, భయంతో. వేడినీళ్ళలో నూడుల్స్ తింటున్నట్టుంది. చేప సాస్ అంతా గుమ్మరించుకున్నా చారు కాదది. నలుగురైదుగురం పోయి కూర్చుంటున్నాం, అంతే. ఆయనేమో గిన్నె ఇచ్చి మన మొహంలోకి చూస్తాడు. బాగుందా అని అడగడు. చూస్తాడు. నావల్ల కాదే ఖిమ్."

ఆ చూపు గురించి చెప్పకుండా ఉండాల్సింది.

ఎముకలు కడిగాను.

జూలై 6

మాడింది.

జూలై 9

మాడలేదు. కానీ మురికినీళ్ళలా ఉంది. రక్తం పోసి కలపడం ఆపాను, గడ్డలు కట్టింది. కోప్ అన్న గడ్డలన్నీ ఏరుకు తిని, "కాలవలో చేపలకి పనికొస్తుంది," అన్నాడు. గిన్నె విసిరాను. తప్పుకున్నాడు.

జూలై 15

కోప్ అన్న గిన్నె ముందు కూర్చున్నాడు. ఒక గుటక తాగాడు. చుట్టూ వెతికాడు. తర్వాత, "చేప సాస్ ఏదీ?" అన్నాడు.

"ఎందుకు? ఉప్పు తక్కువైందా?"

"తక్కువ కాదే తల్లీ. నా గిన్నె, నా చెయ్యి పడాలిగా. అంతా నువ్వే నింపేస్తే నేనెక్కడ కూర్చోను?"

తిక్క సమాధానం. కానీ అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. ముసలాడి చారు మంచిరోజుల్లో ఎప్పుడూ కాస్త వెలితిగా ఉండేది. నాకది ఆయన చేతగానితనం అనిపించేది.

జూలై 20

ఆషాఢ పున్నమి. మాంసం కొట్లు మూత, మా కొట్టూ మూత. మా కొట్టు అని రాశాను. ఉండనీ.

పొద్దున నుయ్ అక్క ఫోన్ చేసింది. "వర్షావాసం రేపేనే. ఎల్లుండి ఫోన్లవాడు వస్తాడు. నీ గొడుగు, నీ రబ్బరుచెప్పులు ఇక్కడే ఉన్నాయి. వచ్చి తీసుకెళ్ళు." గొంతు బాగాలేదు. "నాన్న ఇంకా పడవలోనే కూర్చున్నాడు. దిగమంటే దిగట్లేదు."

నిన్ననే కొని ఐసులో పెట్టిన ఎముకలున్నాయి. మధ్యాహ్నానికి చారు దిగింది. గిన్నెకి గుడ్డకట్టి కోప్ అన్న బండెక్కాను, ఒళ్ళో చారు, ఆయన వీపుకి నూడుల్స్ సంచి.

"వేగంగా పోనీకు, ఒలుకుద్ది!"

"ముసలమ్మలు కూడా నీకంటే నయమే ఎక్కడం. మోకాళ్ళు గుచ్చకు!"

దారంతా తామరపువ్వులు, కొవ్వొత్తులు పట్టుకుని గుడికి పోయేవాళ్ళు. చారు వాసనకి ఒకామె తిరిగి చూసింది. ఉపవాసం కాబోలు పాపం.

ముసలాడు ఖాళీ గంగాళం ముందు కూర్చుని ఉన్నాడు. మెట్టు మీదే నిలబడి చేతులు జోడించాను, నుదురు వేళ్ళకి ఆనేదాకా.

"నలుగురిలో అన్నాను. అది తప్పు. అన్నది తప్పు కాదు."

"క్షమాపణ అడగడం కూడా రాదు నీకు," అన్నాడు.

"నేర్పినవాళ్ళు లేరు."

నుయ్ అక్క నోరు మూసుకో అని సైగ చేసింది. కోప్ అన్న పొయ్యి వెలిగించాడు. నేను నూడుల్స్ ముంచి తీసి, చారు పోసి, పైన తూటికూర, వేయించిన పంది తోలు వేసి గిన్నె గోడవైపు బల్లమీద పెట్టాను.

"దిగి రండి పెదనాన్నా. తినేవాళ్ళు కూర్చునే చోట కూర్చోండి."

గరిటె వంక చూశాడు. తర్వాత పడవ అంచు పట్టుకుని దిగాడు. ఈ రెండేళ్ళలో ఆయన ఆ బల్ల దగ్గర కూర్చోవడం నేను చూడలేదు. గిన్నె మీదికి వంగి వాసన పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తల ఎత్తలేదు.

"ఏమీ లేదు," అన్నాడు. "వేడి తెలుస్తోంది. అంతే. ఏమీ లేదు ఎలకపిల్లా."

నుయ్ అక్క వీపు తిప్పుకుంది.

ఆయన చెయ్యి స్టాండు మీదికి పోయింది. అలవాటు. పంచదార చెంచా పట్టుకున్నాడు, వదిలేశాడు. చేప సాస్ పట్టుకున్నాడు, వదిలేశాడు. ఏది ఎంతో ఆయనకి తెలిసే దారి లేదు. స్టాండు మొత్తం బల్లమీద నావైపు జరిపాడు.

"నువ్వే కలుపు."

ఇంకొకళ్ళ గిన్నెలో మేం చెయ్యి పెట్టం. మొగుడి గిన్నెలో పెళ్ళాం కూడా కలపదు. చంటిపిల్లలకి తల్లి కలుపుతుంది, వాళ్ళకి చెయ్యి అందేదాకా. కోప్ అన్న నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఎలా తింటారు మీరు?" అన్నాను. చెంచా తీసుకున్నాను.

"మా అమ్మ ముందు పంచదార వేసేది. చిటికెడు. తర్వాత వెనిగర్, మిరపముక్కలు రెండు పడేలా. కారం గిన్నె అంచున. చేప సాస్..." ఆగాడు. "చేప సాస్ మూడు చుక్కలు. చారు బాగుంటే మూడు."

చిటికెడు. రెండు ముక్కలు. అంచున. ఒకటి, రెండు, మూడు.

కలిపి ఆయన ముందుకి జరిపాను. తిన్నాడు. తొందరపడలేదు. గిన్నె ఎత్తి అడుగుదాకా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"నూడుల్స్ ఒక్క ముంచు ఎక్కువైంది. పళ్ళకింద జారిపోతున్నాయి."

"పళ్ళెక్కడున్నాయి మీకు?" అని అరిచాను.

"ఉన్న నాలుగింటికే తెలిసింది."

కోప్ అన్న ఫక్కుమన్నాడు. నుయ్ అక్క నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ముసలాయన లేచి పడవ దగ్గరికి పోయి, గరిటె తీసి, పంచె చెంగుతో తుడిచి, గంగాళం మీద అడ్డంగా పెట్టాడు. తను ఎక్కలేదు.

"పడవలో ఇరుకు. కాళ్ళు ముడుచుకోవడం నేర్చుకో," అన్నాడు. "జాలీ నాకివ్వు. ముంచడానికి నాలుక అక్కర్లేదు."

జూలై 22

ఫోన్లవాడు వచ్చాడు. వర్షావాసం ముగిశాక రమ్మంది అక్క. మూడు నెలలు. నాకది చాలు.

మోకాళ్ళు రెండూ చెక్కకి కొట్టుకుని కమిలాయి.

జూలై 24

నడుం విరిగింది. చెయ్యి కాలింది. స్కూలు టీచర్లు వచ్చారు. కోప్ అన్న తన సావాసగాళ్ళని తెచ్చాడు, అన్నీ నారింజరంగు చొక్కాలే. "ఈతొచ్చిందిరోయ్ పిల్లకి!" అని వీధిలోంచే కేకలు. గరిటె చూపించాను. నోరు మూసుకున్నాడు.

పెదనాన్న నూడుల్స్ ముంచుతున్నాడు. నాకంటే బాగా ముంచుతున్నాడు. ఒప్పుకోను. మధ్యమధ్యలో లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, బల్లల చుట్టూ తిరిగి స్టాండ్లు చూసొస్తున్నాడు. స్టాండ్లు ఇంక తన పని అన్నాడు. ఎవరూ అడగలేదు.

కొట్టు కట్టేముందు మూలబల్ల దగ్గర ఆగి, చేప సాస్ గిన్నె ఎత్తి, అందరికీ కనిపించేట్టు బోర్లించాడు. చుక్క రాల్లేదు. ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నావైపు చూసి నవ్వుతున్నాడు.

నవ్వేం వచ్చింది? గిన్నె ఖాళీ అయ్యేదాకా పోసుకున్నాడు ఎవడో. నా చారులో ఉప్పు తక్కువైందా? రేపు ఆ బల్ల దగ్గర ఎవడు కూర్చుంటాడో చూస్తాను.